ఎండలు ముదిరేలోపు: పగలు సరే, రాత్రి సంగతేంటి?

వడదెబ్బ అనగానే మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద సొమ్మసిల్లిన మనిషే కళ్ల ముందు మెదులుతాడు. అలాంటివి జరుగుతాయి, కానీ ఎండ కన్నెరుగని గదుల్లో పోయే ప్రాణాలు కూడా తక్కువేం కాదు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాలులకు దాదాపు 15 వేలమంది చనిపోయారు. ఎక్కువమంది పెద్దవయసువాళ్లు, చాలామంది ఇళ్లలోనో వృద్ధాశ్రమాల్లోనో పోయారు. 1995 జులైలో షికాగోలో కొద్దిరోజుల్లోనే 700 మందికి పైగా పోయారు. ఒంటరిగా, కిటికీలు బిగించుకుని పడుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో.

పగలు ఒంటికెక్కిన వేడిని దించుకోవడానికి శరీరానికి రాత్రి కావాలి. ఇప్పుడు ఆ రాత్రే చల్లబడటం లేదు. వాతావరణ మార్పు వల్ల చాలా ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత కంటే రాత్రి ఉష్ణోగ్రత వేగంగా పెరుగుతోంది. పైగా పగలంతా కాగిన కాంక్రీటు ఆ వేడిని చీకటి పడ్డాక వదులుతుంది. అందుకే జాగ్రత్తలు పడకగది నుంచి మొదలుపెట్టమంటాను.

ముందు ఒక మామూలు థర్మామీటరు గోడకి తగిలించి, పడుకునేముందు ఎంత ఉందో చూడండి. గది పగలు 32 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పసిపిల్లలు, 60 దాటినవాళ్లు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. 24 అనేది చాలా ఇళ్లలో కుదిరే పని కాదని నాకూ తెలుసు. కానీ ఏ గది తక్కువ కాగుతోందో తెలిస్తే పక్క అక్కడికి మార్చొచ్చు. మామూలుగా పై అంతస్తు బాగా కాగుతుంది, కింద గదులు నయం. కిటికీకి లోపల వేసే తెర కన్నా బయట వేసే నీడ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఎండ అద్దం దాటి వచ్చాక ఆపి పెద్దగా లాభం లేదు. బయట గాలి లోపలికంటే వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసి, చల్లబడ్డాక బార్లా తెరవండి.

ఫ్యాను ఉందిగా అంటారా? గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మన మీదకి వేడిని తోస్తుంది. అప్పుడు ఒళ్లు తడుపుకోవడమే మేలు. ఏసీ ఉన్నవాళ్లు మాత్రం కరెంటు పోతే ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే అనుకోండి. అందరూ ఒకేసారి ఏసీలు వేసే రోజునే కరెంటు మీద భారం ఎక్కువ.

మందుల సంగతి చాలామంది మర్చిపోతారు. ఒంట్లో నీరు లాగేసే బీపీ మాత్రలు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, లిథియం లాంటివి ఎండల్లో ఇబ్బంది పెట్టొచ్చు. సొంతంగా మానేయకండి. ఎండలు రాకముందే డాక్టరుని కలిసి, మోతాదు మార్చాలా, నీళ్లు ఎన్ని తాగాలి అని అడగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి 'నీళ్లు బాగా తాగండి' అనే సలహా అన్నిసార్లూ పనికిరాదు. ఇన్సులిన్ వేడికి పాడవుతుంది, ఫ్రిజ్ ఆగితే ఏం చేయాలో కూడా అప్పుడే కనుక్కోండి.

బయట పనిచేసేవాళ్లకి అసలు గండం మొదటి వారం. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు మామూలు పనిలో 20 శాతమే ఇచ్చి, రోజుకి మరో 20 శాతం చొప్పున పెంచాలన్నది వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి ఒక కప్పు నీళ్లు తాగాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజున థర్మామీటరు అంకెని నమ్మకండి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఉక్కపోతలో అది ఆరదు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఎవరిని ఎవరు చూడాలో పంచుకోండి. ఫోన్లో 'బాగున్నారా' అంటే ఎవరైనా బాగానే ఉన్నామంటారు. పొద్దుటినుంచి ఎన్నిసార్లు నీళ్లు తాగారు, మూత్రం ముదురు రంగులో వస్తోందా అని అడగండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా ఎవరో ఒకరు వెంటనే వాళ్ల ఇంటికి వెళ్లాలి.

ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడకి చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. ఇది జ్వరం కాదు కాబట్టి పారాసిటమాల్ పనిచేయదు, పైగా కీడు చేయొచ్చు.

ఇంటి జాగ్రత్తలు ఇంతవరకే. మిగతాది ప్రభుత్వం చేయాల్సిన పని, అడిగి చేయించుకోవాల్సిన పని. 2003 దెబ్బకి ఫ్రాన్స్ మరుసటి ఏడాదే హెచ్చరిక వ్యవస్థ పెట్టింది. 2010 వేసవిలో వెయ్యికి పైగా అదనపు మరణాలు చూసిన అహ్మదాబాద్, 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. హెచ్చరిక ఏ ఉష్ణోగ్రతకి ఇవ్వాలి, ఆస్పత్రి ఏం చేయాలి, జనానికి కబురు ఎలా చేరాలి అన్నీ అందులో ముందే రాసుకున్నారు. మీ ఊరికీ అలాంటిది ఉందేమో కనుక్కోండి. ఉంటే దానికి డబ్బు కేటాయించారా, బాధ్యుడు ఎవరు అని అడగండి, లేకపోతే అది కాగితమే. జనం వచ్చి సేదతీరడానికి చల్లని గదులు తెరుస్తామని అధికారులంటే, రాత్రి ఎన్నింటిదాకా అని అడగండి. సాయంత్రం ఆరింటికి తాళం వేసేస్తే, కాగిన గదికి తిరిగెళ్లే ముసలామెకి దానివల్ల ఒరిగేది సగమే.