తలాంతును బాధ్యతగా వాడడం ఎలా?

తలాంతు అంటే ఇక్కడ దేవుడు మనకిచ్చిన సామర్థ్యం, అంటే వరం. దాన్ని బాధ్యతగా వాడడానికి కావలసినవి ఒక బైబిలు, ఒక నోటు పుస్తకం, మొహమాటం లేకుండా నిజం చెప్పే ఇద్దరు విశ్వాసులు.

మొదట మీకు చేతనైన పనులన్నీ రాయండి. పాట, బోధ మాత్రమే కాదు, కుట్టుపని, లెక్కలు చూడడం, రోగి పక్కన ఓపికగా కూర్చోవడం కూడా రాయాలి. రోమా పత్రిక 12వ అధ్యాయం బోధతో పాటు పంచిపెట్టడాన్ని, కరుణించడాన్ని కూడా కృపావరాలుగానే లెక్కించింది. దీనికి ఒక్క సాయంత్రం చాలు.

తరువాత సంఘంలో ఏ పనికి మనిషి లేడో పెద్దలను అడిగి, దానికి సరిపోయే వరం ఒక్కటే ఎంచుకోండి. రెండు ఎంచుకోకూడదు. ప్రశ్నావళి నింపి, మార్కులు కూడి వరాన్ని తేల్చే పద్ధతిని నేను ఒప్పుకోను. మన గురించి మనం అనుకుంటున్నదే అది తిరిగి మనకు చెబుతుంది. అపొస్తలుల కార్యములలో, యొప్పే పట్టణంలో బట్టలు కుట్టి ఇచ్చిన దొర్కా అనే విశ్వాసురాలి వరం ఏమిటో, ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు చూపించిన అంగీలే చెప్పాయి.

అందరూ తప్పేది మూడో మెట్టులో, అంటే లెక్క అప్పజెప్పడంలో. మత్తయి 25వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలోని యజమాని ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులిచ్చి, బహుకాలం తరువాత తిరిగివచ్చి లెక్క చూసుకున్నాడు. ఒక్కటి పొందినవాడు దాన్ని భూమిలో పాతిపెట్టాడు. ఆ కథలో తలాంతు అంటే డబ్బు: ఒక్క తలాంతు సుమారు 6,000 దేనారములు (రోమా వెండి నాణేలు), కూలివాని దాదాపు 20 ఏళ్ల సంపాదన. కాబట్టి "నాది చిన్న వరం" అనే మాట చెల్లదు. అయితే తలాంతును పాతిపెట్టేవారికన్నా, అది యజమానిదని మరచిపోయేవారినే నేను ఎక్కువగా చూశాను.

అందుకే నెలకొకసారి ఆ ఇద్దరి ఎదుట కూర్చుని, నా పని వల్ల ఎవరికి మేలు జరిగింది, ఈ వారం నన్ను పిలవకపోతే నేను నొచ్చుకుంటానా అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు మీరు చెప్పకూడదు, వారే చెప్పాలి. విన్న రోజున బదులు పలకకండి. రాసుకుని, వారం రోజులు ప్రార్థించి, అప్పుడు మాట్లాడండి. "నీ బోధలో నీ అనుభవాలే ఎక్కువ, వాక్యం తక్కువ" అని ఒకరు అన్నప్పుడు నేను అక్కడికక్కడే సమర్థించుకున్నాను. ఆ తరువాత ఏడాది పాటు ఆయన నాకు ఏ లోపమూ చెప్పలేదు. నేను పోగొట్టుకున్నది ఆ ఏడాది దిద్దుబాటు. కొంతకాలం ఆగమని ఇద్దరూ అంటే ఆగిపోవాలి. వరాల గురించి చెప్పే కొరింథీయుల మొదటి పత్రిక 12, 14 అధ్యాయాల నడుమ ప్రేమను గూర్చిన 13వ అధ్యాయం ఉంది. ఆగమన్న రోజున దాన్ని చదవండి.

చివరి మెట్టు నేర్పడం. నిర్గమకాండము 35:34 ప్రకారం ప్రత్యక్ష గుడారాన్ని చేసిన పనివారు బెసలేలుకు, అహోలీయాబుకు ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడే పుట్టించాడు. చిన్నవారిలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. పని పట్టుబడ్డాక, ఎవరూ రాని రోజును కాక, సంఘమంతా కూడే ఆదివారాన్నే వారికి అప్పగించి, మీరు వెనుక వరుసలో కూర్చోండి.