గుడ్లను తూచి పొదిగించండి

ఇంట్లో ఇంక్యుబేటర్ పెట్టి కోడిగుడ్లు పొదిగించాలనుకునేవారు ముందుగా అడిగేది ఏ యంత్రం కొనాలని. నేను తిరిగి అడిగేది మీ దగ్గర నమ్మదగిన థర్మామీటర్, గ్రాముల లెక్క చూపే చిన్న తూకం ఉన్నాయా అని. ఆ రెండూ ఉంటే సాదా పెట్టెలోనైనా పిల్లలను లేపవచ్చు. అవి లేకపోతే యంత్రం తెర మీద వెలిగే అంకెను నమ్ముకుని 21 రోజులు కూర్చోవాలి. ఆ అంకె ఒక డిగ్రీ తప్పినా మనకు తెలియదు, పిండానికి తెలుస్తుంది.

ముందు గుడ్ల సంగతి. పుంజు తోడు లేని పెట్టల గుడ్లు ఎంత వేడిలో పెట్టినా పిల్లలు కావు. దుకాణంలో దొరికే గుడ్లు చాలావరకు అటువంటివే. పెట్టల మధ్య పుంజు తిరిగే చోటు నుంచి, పెట్టి వారం దాటని గుడ్లు తెచ్చుకోండి. వారం దాటాక రోజురోజుకూ వాటి సత్తువ తగ్గిపోతుంది. మరీ పెద్దవి, మరీ చిన్నవి, వంకరగా ఉన్నవి, వెంట్రుకవాసి చీలిక ఉన్నవి పక్కన పెట్టేయండి. పెంకు మురికిగా కనిపించినా కడగవద్దు. పెంకు మీద కంటికి ఆనని సన్నని పొర ఉంటుంది, క్రిములను లోపలికి రానివ్వకుండా కాపాడేది అదే. మరీ మురికి గుడ్డును వదిలేయడం మేలు. పొదగవేసేదాకా గుడ్లను సన్నకొన కిందికి ఉండేలా చల్లటి చోట ఉంచాలి, 12 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగుంటుంది. అక్కడి నుంచి నేరుగా వేడిలో పెడితే పెంకు చెమరుస్తుంది, కాబట్టి కొన్ని గంటలు గది వాతావరణానికి అలవాటు పడనివ్వండి.

ఇంక్యుబేటర్‌ను గుడ్లు పెట్టడానికి ఒక రోజు ముందే నడిపించాలి. ఎండ పడని, ఈదురుగాలి తగలని గది కావాలి. లోపల ఫ్యాన్ ఉన్న యంత్రానికి 37.5 డిగ్రీలు సరిపోతుంది. ఫ్యాన్ లేని పెట్టెలో వేడి పైకి చేరి కింద చల్లగా ఉంటుంది కాబట్టి, గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచినప్పుడు 38.5 డిగ్రీల దగ్గర ఉండాలి. మీ థర్మామీటర్ నిజం చెబుతుందో లేదో తెలుసుకోవడానికి, గోరువెచ్చటి నీటిలో దాని మొనను, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ మొనను పక్కపక్కన ముంచి చూడండి. తేడా ఎంతో రాసి పెట్టుకుంటే చాలు. తేమ కొలిచే మీటర్‌కు ఉప్పు పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు కలిపి, మీటర్‌తో పాటు గాలి చొరబడని సంచిలో పెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి అది 75 శాతం చూపాలి.

ఇక తూకం. చాలామంది పట్టించుకోనిది ఇదే, నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది కూడా ఇదే. పెంకులో వేల సూక్ష్మరంధ్రాలున్నాయి. వాటి గుండా గుడ్డులోని నీరు రోజూ కొంచెం కొంచెంగా ఆవిరైపోతూ ఉంటుంది, మొద్దుకొన వైపున్న గాలి గది ఆ మేరకు పెద్దదవుతుంది. చివరి రోజుల్లో పిల్ల మొదటి ఊపిరి తీసేది ఆ గదిలోని గాలినే. నీరు తక్కువగా పోతే గాలి గది చిన్నగా ఉండి, పిల్ల ఉబ్బి, పెంకులో తిరగలేక చనిపోతుంది. ఎక్కువగా పోతే పొర ఎండిపోయి పిల్లకు అతుక్కుంటుంది. 18వ రోజుకు గుడ్డు మొదటి బరువులో దాదాపు 12 శాతం తగ్గితే అంతా సవ్యంగా ఉన్నట్టు.

లెక్క సులభం. పెట్టే ముందే ప్రతి గుడ్డునూ తూచి, బరువును పెన్సిల్‌తో పెంకు మీదే రాయండి. పది గుడ్లు కలిపి 550 గ్రాములు ఉన్నాయనుకుందాం. ఆరో రోజుకు 528, పన్నెండో రోజుకు 506, పద్దెనిమిదో రోజుకు 484 గ్రాముల దగ్గరికి రావాలి. మధ్యలో కొన్ని తీసేస్తే, మిగిలిన వాటి మొదటి బరువులతో లెక్క సరిచేసుకోండి. బరువు తగ్గడం వెనకబడితే లోపల తేమ ఎక్కువైందని అర్థం, నీళ్ల గిన్నె చిన్నది పెట్టండి. మరీ వేగంగా తగ్గుతుంటే పెద్దది పెట్టండి. తేమను పెంచేది నీటి లోతు కాదు, గాలికి తగిలే నీటి వైశాల్యం. మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం తేమ ఉండాలని అందరూ చెబుతారు. అక్కడి నుంచే మొదలుపెట్టండి, తర్వాత తూకం చెప్పినట్టు నడవండి. తేమ చాలడం లేదని గాలి రంధ్రాలు మాత్రం మూయవద్దు, పిండాలకు ప్రాణవాయువు కావాలి.

గుడ్లు తిప్పడం తప్పనిసరి. పచ్చసొన తేలికగా ఉండి పైకి తేలుతుంది, కదపకుండా వదిలేస్తే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. చేత్తో తిప్పేవారు ఒక వైపు గుణకారం గుర్తు, మరో వైపు సున్నా పెట్టుకుని, రోజుకు మూడుసార్లో అయిదుసార్లో తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రి ఎక్కువసేపు ఒకే వైపు ఉండే గుడ్డు మర్నాటి రాత్రి రెండో వైపు ఉంటుంది. ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఏడో రోజు రాత్రి గది చీకటి చేసి, అట్టముక్కకు చిన్న రంధ్రం పెట్టి, ఫోను టార్చి వెలుగును గుడ్డు మొద్దుకొనకు ఆనించి చూడండి. బతికి ఉన్న గుడ్డులో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా విచ్చుకున్న ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కాసేపు కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క మెదలడం కూడా చూడవచ్చు. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నరాలు లేకుండా వెలుగు తేటగా ఉంటే పిండం కట్టలేదు. ఎర్రటి వలయం మాత్రమే ఉంటే మొదలై ఆగిపోయింది. రెండు రకాలూ తీసేయండి, మురిగిన గుడ్డు లోపల పగిలితే మిగతావాటికీ చేటు. గోధుమరంగు పెంకులో సరిగా కనిపించదు, అనుమానం ఉంటే పద్నాలుగో రోజుదాకా ఉంచండి. అప్పటికి గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా ఉండాలి.

కరెంటు పోతే కంగారుపడవద్దు. మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా దుప్పటి కప్పండి. కొన్ని గంటల చల్లదనాన్ని పిండాలు చాలావరకు తట్టుకుంటాయి, పిల్లలు కాస్త ఆలస్యంగా లేస్తాయి, అంతే. వేడి పెరగడమే అసలు ప్రమాదం. 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలు ఉంటే చాలా గుడ్లు పోతాయి.

పద్దెనిమిదో రోజున తిప్పడం ఆపి, తేమను 65 నుంచి 70 శాతానికి పెంచి, మూత వేసేయండి. నీళ్లు తగ్గితే బయటి నుంచి సన్నని గొట్టంతో గోరువెచ్చటివి పోయండి. ఇరవయ్యో రోజు ప్రాంతంలో మూత తీయకుండా పెట్టె దగ్గర చెవి పెట్టి వింటే పెంకు లోపలి నుంచే కీచుమని వినిపిస్తుంది. తర్వాత పెంకు మీద చిన్న నెర్రె పడుతుంది, ఆపైన గంటలు గడిచినా ఏమీ జరగనట్టే ఉంటుంది. మూత తీసి సాయం చేయాలని చేతులు ఉవ్విళ్లూరేది అప్పుడే. ఆగండి. ఆ సమయంలో పొరలోని నరాల్లో ఉన్న రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతోంది, మిగిలిన పచ్చసొన కడుపులోకి వెళుతోంది. మనం తొందరపడి పెంకు ఒలిస్తే పిల్ల రక్తం కారి పోతుంది. మూత తెరిస్తే తేమగాలి ఒక్కసారిగా బయటికి పోయి, నెర్రె వేసిన గుడ్లన్నిటిలో పొరలు బిగుసుకుంటాయి. నెర్రె పడ్డాక బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే.

పచ్చసొన కడుపులో ఉంది కాబట్టి బయటికి వచ్చిన పిల్లలకు ఒకటి రెండు రోజులు మేత, నీరు లేకపోయినా ఇబ్బంది లేదు. తడి ఆరి బొచ్చు విచ్చుకునేదాకా లోపలే ఉండనివ్వండి. తర్వాత మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉన్న పెట్టెలోకి మార్చి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రండి. పిల్లలన్నీ దీపం కింద గుంపుగా నక్కితే వేడి చాలలేదు, దూరంగా పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఎక్కువైంది. నేలకు కాగితం పరిస్తే కాళ్లు జారి విచ్చుకుపోతాయి, గరుకు గుడ్డ పరవండి. ప్రతి పిల్ల ముక్కునూ ఒకసారి నీళ్లలో తాకించి చూపండి, నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే మునిగిపోయే భయం ఉండదు.

లేవని గుడ్లను 23వ రోజుదాకా ఉంచి అప్పుడు తీయండి. వాటిని పగలగొట్టి ఏ దశలో ఆగాయో చూసి, మీ తూకం కాగితం పక్కన రాసుకోండి, తర్వాతి విడత తేమను దాన్ని బట్టి సరిచేసుకోవచ్చు. పెట్టెను సబ్బునీటితో కడిగి, క్రిమినాశినితో తుడిచి, పూర్తిగా ఆరాకే మూత పెట్టండి.