వాన పట్టే ముందు ఆర్కిడ్ వేళ్ళు చూడండి

మృగశిర కార్తె జల్లులు మొదలై వారం కాలేదు, అప్పుడే మా పై ఫ్లోర్ వదిన తన ఆర్కిడ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన తెల్లపూల ఫెలనాప్సిస్ రకం. పూలున్నంతకాలం హాల్లో టీవీ పక్కన దర్జాగా ఉండేది. ఇప్పుడు ఆకులు ముడతలు పడి, తోలు చెప్పులా మెత్తబడి వేలాడుతున్నాయి. "రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నా, అయినా వాడిపోయింది" అన్నారావిడ.

ఆ "అయినా" దగ్గరే ఉంది తప్పంతా. రోజూ పోశారు కాబట్టే వాడిపోయింది.

కుండీలోంచి మొక్కను లాగితే చిత్తడి వాసన గుప్పుమంది. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు చేతికంటుకుని ఊడి వచ్చి, లోపల సన్నటి నార మాత్రం మిగిలింది. నడి మధ్యలో పిండితే నీళ్ళు కారే నాచు ముద్ద. నర్సరీలో పసిమొక్కగా ఉన్నప్పుడు మట్టి బదులు చుట్టిన ముద్ద అది. పైన నాచు ఎండినట్టే కనిపిస్తుంది, లోపల ఆ ముద్ద వారాల తరబడి ఆరదు. దాని చుట్టూ అందమైన పింగాణీ గిన్నె, అడుగున చిల్లు లేదు.

ఎండ ఎంత, నీడ ఎంత, ఎరువు ఎప్పుడు అన్నవి ఆర్కిడ్ పెంచేవాళ్ళకి తెలిసినవే, వాటి జోలికి పోను. వానాకాలంలో ఇన్ని మొక్కల్ని చంపే తప్పు ఒకటుంది. దాని గురించే చెప్తాను, మళ్ళీ మళ్ళీ చెప్తాను. ఆకు వాడిందని నీళ్ళు పోయకండి. ముందు వేళ్ళు చూడండి.

వేళ్ళు

ఆకు ముడత పడిందంటే దానికి నీరు అందడం లేదని అర్థం. ఎందుకు అందడం లేదన్నది ఆకు చెప్పదు. కుండీ నిజంగానే ఎండిపోయి ఉండొచ్చు, లేదా నీళ్ళు నిండుగా ఉన్నా పీల్చుకునే వేళ్ళు చచ్చిపోయి ఉండొచ్చు. రెండింటికీ ఆకు ఒకేలా వాడుతుంది. మనం మొదటిదే అనుకుని మగ్గు తీసుకుంటాం. మిగిలిన నాలుగు మంచి వేళ్ళూ దాంతో కుళ్ళుతాయి, ఆకు ఇంకా వాడుతుంది, మనం ఇంకా పోస్తాం. ఎండాకాలంలో ఈ తప్పు నుంచి మొక్కను ఎండ కొంత కాస్తుంది. వానాకాలంలో కాసేవాళ్ళు లేరు. గాలిలో తేమ ఎక్కువ, వెలుతురు తక్కువ. మే నెలలో రెండు రోజుల్లో ఆరిన కుండీ జులైలో వారమైనా ఆరకపోవచ్చు. మన చెయ్యి మాత్రం మే నెల లెక్కలోనే పోస్తూ ఉంటుంది.

ఈ మొక్కలు అడవిలో మట్టిలో పెరిగేవి కావు. తూర్పు కనుమల వైపు వెళ్తే మామిడి మానుల మీద వాండా టెసెలాటా అనే ఆర్కిడ్ కనిపిస్తుంది, వేళ్ళు బెరడు మీద పాకి, కొన్ని గాలిలో వేలాడుతూ. కుండపోత వానకి తడిసిపోతుంది, గాలి వీయగానే ఆరిపోతుంది. వేరు మీద ఉండే తెల్లటి దూదిలాంటి పొర నీటిని చటుక్కున పీల్చుకోవడానికి ఏర్పడింది. అది రోజుల తరబడి తడిలో ఉంటే గాలాడక వేరు చస్తుంది. ఫెలనాప్సిస్ కూడా ఆ బాపతే. దాన్ని చిల్లులేని గిన్నెలో తడి నాచులో కూర్చోబెట్టి, పైన రోజూ మగ్గు ఒంపితే ఏమవుతుంది?

చూడడం కష్టం కాదు. వేరు తడిగా ఉంటే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది. రెండూ మంచివే, నొక్కితే గట్టిగా ఉండాలి. గోధుమరంగుకో నలుపుకో తిరిగి, నొక్కితే మెత్తగా జారితే కుళ్ళినట్టు. రంగు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. వెలుతురు తగలని లోపలి వేళ్ళు పసుపుగానో లేత గోధుమరంగులోనో ఉండొచ్చు, గట్టిగా ఉన్నంతవరకు వాటికేం కాలేదు. వెండిరంగు వేళ్ళు గట్టిగా ఉండి, కుండీ తేలిగ్గా ఉండి, ఆకు వాడితే అప్పుడు దాహమే. అప్పుడు పోయండి, నిండా పోసి మొత్తం కారిపోనివ్వండి.

లోపలి తడి తెలియాలంటే అగరుబత్తి వెలిగి అయిపోయాక మిగిలే వెదురు పుల్ల చాలు. కుండీ మధ్యలోకి దించి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల తడిగా, చల్లగా తగిలితే ఆ రోజు నీళ్ళు లేవు. "ఆదివారం, బుధవారం" అని క్యాలెండర్ పెట్టుకుని పోసేవాళ్ళు దాన్ని దీపావళిదాకా పక్కన పెట్టేయండి.

కుళ్ళు కనిపిస్తే వెంటనే మొక్కను బయటికి తీయండి. కుండీలోని పాత నాచు, బెరడు ముక్కలు మొత్తం పారేయండి, నడిమి ముద్దను కూడా చేత్తో విడదీసి తీసేయండి. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడిన వేళ్ళను గట్టిభాగం వచ్చేదాకా కత్తిరించండి. జాలిపడి సగం కుళ్ళిన వేరు ఉంచితే మళ్ళీ అక్కడినుంచే మొదలవుతుంది. కోసిన చోట దాల్చినచెక్క పొడి కొద్దిగా అద్దొచ్చు. అది గాయాన్ని ఆరబెడుతుంది, అందుకే మంచి వేళ్ళ మీద చల్లితే వాటినీ ఎండబెడుతుంది. బూజు తెగులు మందు వాడాలనుకుంటే కార్బెండజిమ్, మ్యాంకోజెబ్ కలిసిన పొడి లీటరుకు 2 గ్రాములు, గ్లవ్స్, మాస్క్ వేసుకుని. కానీ వానల్లో వచ్చే నల్లకుళ్ళుకు కార్బెండజిమ్ పనిచెయ్యదు. ఆకు మొదట్లోంచి నల్లగా, చకచకా పైకి పాకుతుంటే మెటలాక్సిల్ ఉన్న మందు అడగండి.

తర్వాత చిన్న కుండీ, మిగిలిన వేళ్ళు పట్టేంతే. వేళ్ళు తగ్గాక పెద్ద కుండీలో పెడితే తడి ఎక్కువసేపు నిలుస్తుంది. బొగ్గు ముక్కలు, పైన్ బెరడు, పెంకు ముక్కలు సరిపోతాయి. కొబ్బరి డొక్క ముక్కలు వాడితే రెండు మూడుసార్లు నానబెట్టి నీళ్ళు పారబోయండి, వాటిలో ఉప్పు ఉంటుంది. కుండీ మార్చాక నాలుగైదు రోజులు నీళ్ళు వద్దు, కోతలు ఆరాలి. ఆ రోజుల్లో ఆకు ఇంకాస్త వాడుతుంది. అప్పుడే నీళ్ళు పోయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆకు వాడిందని నీళ్ళు పోయకండి.

పురుగులు

కుండీ మీద చీమల బారు కనిపిస్తే చీమల మందు చల్లి ఊరుకోకండి. అవి పిండినల్లి, పొలుసు పురుగు వదిలే తీపి జిగురు కోసం వస్తాయి. ఆకు అడుగున, ఆకు కాడను పట్టే మడతలో, మొగ్గల వెనక తెల్లటి దూది ముక్కలుంటే పిండినల్లి. గోటితో గీకితే ఊడే గోధుమరంగు బొడిపెలైతే పొలుసు పురుగు. కేవలం జిగురు చూసి కంగారు మాత్రం వద్దు. ఫెలనాప్సిస్ పూలకాడ మీద పురుగు లేకపోయినా స్వచ్ఛమైన తీపి బొట్లు వస్తుంటాయి.

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి పురుగుకే అద్దండి. శానిటైజర్ జెల్ వద్దు. తర్వాత లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు కలిపి ఆకుల అడుగున పిచికారీ. ఎండలో కొడితే ఆకు కాలుతుంది, కాబట్టి ఎండ తగ్గాక కొట్టి, ఫ్యాన్ కింద పెట్టి చీకటి పడేలోపు ఆరనివ్వండి. వారం వారం కనీసం మూడుసార్లు. ఒక్కసారికి పెద్ద పురుగు చస్తుంది, గుడ్లు మిగిలిపోతాయి. అందరూ ఆగేది అక్కడే.

పిండినల్లి వేళ్ళలోకి కూడా దిగుతుంది. పైన ఒక్క పురుగు కనిపించదు, ఆకు మాత్రం వాడుతుంది. జనం ఇక్కడా నీళ్ళే పోస్తారు. వేళ్ళు చూడండని చెప్పింది దీనికి కూడా.

ఇక మిగిలినవి వరసగా రాసేస్తున్నాను:

- చిల్లులేని గిన్నె ఇవాళే తీసేయండి. అందంగా ఉందని ఆగకండి.
- మట్టి వద్దు. వర్మీకంపోస్టు వద్దు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) అసలే వద్దు.
- బియ్యం కడుగు, టీ పిప్పి, అరటితొక్క నీళ్ళు గులాబీకి పోసుకోండి. ఆర్కిడ్ కుండీలో అవి కుళ్ళి చిన్న నల్ల దోమల్ని పిలుస్తాయి.
- నీళ్ళు పొద్దున్నే. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి.
- మొవ్వులో నీరు నిలిస్తే టిష్యూతో అద్ది తీసేయండి. వేరు పోయినా మొక్కను బతికించొచ్చు. ఫెలనాప్సిస్‌కి మొవ్వు కుళ్ళితే ఇక పైకి పెరగదు.
- ఆకు మీద నీరుపట్టిన మచ్చ, దుర్వాసన వస్తే అది బ్యాక్టీరియా కుళ్ళు. రేపటిదాకా ఆగొద్దు. మచ్చ దాటి మంచి భాగంలోకి కోయండి.
- రాగి మందులు డెండ్రోబియం రకం ఆర్కిడ్ల మీద కొట్టకండి.
- డెండ్రోబియంకి ఆకులు రాలిన పాత కాడలు కోయొద్దు. గట్టిగా ఉన్నంతకాలం అవి మొక్కకి తిండి.
- ఒక మొక్కకి వాడిన కత్తెర కాల్చకుండా ఇంకో మొక్కకి వాడొద్దు. వైరస్ అలాగే పాకుతుంది, దానికి మందు లేదు.
- వేళ్ళు పోయిన మొక్కకి పూలకాడ ఉంటే కోసేయండి. బాధగానే ఉంటుంది, కోయండి.
- కొత్త మొక్కను మూడు వారాలు వేరే గదిలో.
- కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు ఉంచొద్దు. వేళ్ళకీ చేటు, డెంగీ దోమకీ అదే ఇల్లు.
- రాత్రి టార్చి వేసి కుండీ అడుగున చూడండి. వేరు కొనలు కొరికినట్టుంటే నత్త. ఏరి పారేయండి, ఉప్పు చల్లకండి.
- వాన నేరుగా పడే బాల్కనీలోంచి లోపలికి జరపండి. కిటికీ తెరవండి, లేదా ఫ్యాన్ వేయండి.
- ఊరెళ్తూ పనమ్మాయికి "చూసి పొయ్యి" అని చెప్పకండి. "పొయ్యొద్దు" అని చెప్పండి. ఈ వానల్లో కుండీలో ఉన్న ఫెలనాప్సిస్ పది రోజులు నీళ్ళు లేకుండా ఉండగలదు.
- వాండాకి ఈ లెక్క కాదు. బుట్టలో వేళ్ళు గాలికి వేలాడుతుంటే వాన లేని రోజు దానికి నీళ్ళు కావాలి.
- కుండీ మార్చిన మొక్కకి కొత్త వేరు కొన పచ్చగా కనిపించేదాకా ఎరువు లేదు.
- పాత ఆకుల ముడత నెలలు గడిచినా పూర్తిగా పోకపోవచ్చు. అది చూసి మళ్ళీ నీళ్ళు పెంచకండి. పుల్ల గుచ్చి చూడండి.