నెలల తరబడి విదేశాల్లో తిరిగేటప్పుడు బట్టలు ఉతుక్కోవడం ఎలా?

ఒక్క బ్యాగు వీపున తగిలించుకుని రెండు మూడు నెలలు దేశాలు తిరగాలనుకునేవాళ్ళు నన్ను ముందు వీసాల గురించి అడుగుతారు, ఆ తర్వాత తిండి గురించి అడుగుతారు. బట్టల సంగతి ఎవరూ అడగరు. వారం గడిచేసరికి మాత్రం ఆ టెన్షనే మొదలవుతుంది. ఇంట్లో అయితే బకెట్ ఉంటుంది, మేడ మీద దండెం ఉంటుంది, అన్నిటికీ మించి మన ఎండ ఉంటుంది. మార్చి నెలలో హైదరాబాద్‌లో లుంగీ ఆరేసి వంట ముగించుకుని వచ్చేసరికి ఫెళఫెళలాడుతూ ఉంటుంది. అదే మార్చిలో వియత్నాంలోని హనోయ్‌లో రెండు రోజులైనా చెమ్మ వదలదు.

ప్రయాణంలో ఉతకడానికి పది నిమిషాలు చాలు. కష్టమంతా ఆరబెట్టడంలోనే ఉంది. ఏ బట్టలు సర్దుకోవాలి, ఏ రోజు ఉతకాలి, ఎప్పుడు లాండ్రీ షాపుకి వేయాలి అన్న నిర్ణయాలన్నీ "రేపు పొద్దుటికి ఆరుతుందా?" అన్న ప్రశ్నతోనే తేలిపోతాయి.

1. బయల్దేరే ముందే ఆరబెట్టి చూడండి

తీసుకెళ్దామనుకున్న ప్రతి బట్టనూ ఇంట్లో ఒక రాత్రి పరీక్షించండి. తడిపి, చేత్తో పిండి, గదిలోనే ఫ్యాన్ కింద ఆరేయండి. పొద్దున లేవగానే మధ్యలో కాకుండా నడుము పట్టీ, చంక కుట్లు, జేబు లోపలి గుడ్డ పట్టి చూడండి. అక్కడ తడి ఉంటే ఆ బట్ట ఇంట్లోనే ఉండనివ్వండి. జీన్స్ ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గదు. పైగా ఒక్క జీన్స్ ప్యాంటే అర కిలో దాటుతుంది.

పాలిస్టర్ తొందరగా ఆరుతుంది, కానీ చెమట వాసన ఒకసారి పట్టుకుందంటే ఉతికినా మొండిగా ఉంటుంది. మెరినో ఉన్ని టీషర్టు రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన రాదు, ఖరీదు మాత్రం ఎక్కువ. పలచటి నూలు బట్ట ఒంటికి హాయి, ఆరడం కూడా ఫరవాలేదు. నాలుగు టీషర్టులు, రెండు ప్యాంట్లు, ఐదు జతల లోదుస్తులు, మూడు జతల సాక్సులు ఉంటే ఎన్ని నెలలైనా నడుస్తుంది.

తువ్వాలు విషయంలో నాది గట్టి అభిప్రాయం. దళసరి టర్కీ టవల్ వద్దు. మన చేనేత తువ్వాలు, ఆ పలచటి గళ్ళది, రెండు పెట్టుకోండి. ఒళ్ళు తుడుచుకోవడానికి, బస్సులో కప్పుకోవడానికి, తర్వాత చెప్పబోయే పిండే పనికి కూడా అదే. కలంకారీ చొక్కాలూ కొత్త చేనేత బట్టలూ తీసుకెళ్ళేట్టయితే ఇంట్లోనే నాలుగైదుసార్లు విడిగా ఉతికి, రంగు దిగడం ఆగాకే సర్దండి. పరాయి ఊరి మెషీన్‌లో అందరి బట్టలతో కలిసి తిరిగినప్పుడు రంగు అంటుకుంటే దాన్ని వదిలించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

2. చిన్న సంచిలో ఉండాల్సినవి

మూడు మీటర్ల సన్నటి నైలాన్ తాడు, ఎనిమిది పది పిన్నీసులు, లోదుస్తులు వేయడానికి ఒక నెట్ సంచి, మాసిన బట్టలకో కవరు. వీటితోపాటు అరచేయంత బల్లపరుపు రబ్బరు మూత ఒకటి. విదేశీ హోటళ్ళలో బకెట్, మగ్గు ఉండవు, వాష్ బేసిన్‌కి చాలాచోట్ల మూత కూడా ఉండదు. ఈ రబ్బరు ముక్కను ఏ సైజు రంధ్రం మీద పరిచినా నీళ్ళు నిలుస్తాయి. అది లేని రోజున ఒక సాక్సును ఉండచుట్టి రంధ్రంలో దూర్చేయండి.

సబ్బు మాత్రం బిళ్ళే తీసుకెళ్ళండి. లిక్విడ్ అయితే చాలా విమానాశ్రయాల్లో చేతి సామానులో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు, మూత ఊడితే బ్యాగంతా నురగే. బిళ్ళకి ఆ బాధ లేదు, రెండు ముక్కలుగా కోసి డబ్బాలో పెట్టుకుంటే చాలా రోజులు వస్తుంది. అందులోనూ రిన్ లాంటి డిటర్జెంట్ బిళ్ళ మేలు. బోరు నీళ్ళలో మామూలు సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టు కట్టడం మనకు తెలిసిందే. లండన్‌లో కుళాయి నీళ్ళు కూడా అలాంటివే. డిటర్జెంట్ ఆ నీళ్ళలోనూ పని చేస్తుంది.

3. రోజూ రాత్రి ఒక గుప్పెడు

వారం బట్టలన్నీ పోగేసి ఒకేసారి బేసిన్‌లో ఉతకాలనుకోకండి. రోజూ స్నానం చేసేటప్పుడు ఆ పూట విప్పిన లోదుస్తులు, సాక్సులు, ఒక టీషర్టు. అంతే. వీటికి తాడు మీద చోటు సరిపోతుంది, పొద్దుటికి ఆరతాయి కూడా.

బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు పట్టి, తడిపిన బట్టకు కాలర్, చంకలు, సాక్సు మడమల దగ్గర సబ్బు రుద్దండి. పది నిమిషాలు నానబెట్టి చేత్తో నలిపితే చాలు. నురగ ఎక్కువైతే జాడించడానికి నీళ్ళూ, సమయమూ రెండూ దండగ. సబ్బు మిగిలిన బట్ట బిరుసుగా ఆరుతుంది, చెమట పట్టగానే ఒంటికి దురద పెడుతుంది. కాబట్టి కనీసం రెండుసార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి. బేసిన్‌లో ఉతకొద్దని కొన్ని హాస్టళ్ళు (ప్రయాణికులు ఒకే గదిని పంచుకునే చౌక బసలు) బోర్డు పెడతాయి. అక్కడ షవర్ కిందే పని కానివ్వండి.

మరకల గురించి రెండు మాటలు. కూర నూనె పడితే హాస్టల్ వంటగదిలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రుద్దండి. థాయ్ పసుపు కూర ఒలికిన చోట సబ్బు తగిలితే మరక ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. ఉతికి ఎండలో పరిస్తే పసుపు దానంతట అదే వెలిసిపోతుంది. రక్తపు మరకకు చన్నీళ్ళే వాడాలి, వేణ్ణీళ్ళు తగిలితే మరక పాతుకుపోతుంది.

ట్రెక్కింగ్‌లో ఉన్నప్పుడు వాగులోకి దిగి సబ్బుతో ఉతకొద్దు. నీళ్ళు ముంచుకుని ఒడ్డుకు 60 మీటర్లయినా దూరం వెళ్ళి ఉతికి, ఆ నీళ్ళు మట్టిలో పారబోయండి. కింద ఊళ్ళో ఆ వాగే తాగేవాళ్ళుంటారు.

4. పిండడం, ఆరేయడం

ఇక్కడే ఓపిక పెట్టాలి. చేత్తో మెలితిప్పి పిండిన టీషర్టులో ఇంకా బోలెడు నీళ్ళుంటాయి. పొడి తువ్వాలు మంచం మీదో శుభ్రమైన నేల మీదో పరవండి. టీషర్టును ముడతల్లేకుండా దాని మీద పరిచి, రెంటినీ కలిపి చాప చుట్టినట్టు బిగుతుగా చుట్టండి. ఇప్పుడు ఆ చుట్టను ఒక చివరి నుంచి రెండో చివరి దాకా మోకాలితో అదమండి, లేదా రెండు కొసలూ పట్టుకుని మెలితిప్పండి. విప్పి చూస్తే తువ్వాలు తడిసి బరువెక్కి ఉంటుంది, టీషర్టు పట్టుకుంటే చల్లగా తగులుతుంది తప్ప చుక్క నీరు కారదు. రాత్రంతా పట్టే ఆరుదల ఈ ఒక్క పనితో చాలా తగ్గుతుంది. తువ్వాళ్ళు రెండు ఉండాలన్నది ఇందుకే.

దండేనికి తాడును ఒంటిపేటగా కట్టకండి. మధ్యకు మడిచి, రెండు పేటలనూ పురి తిప్పినట్టు గట్టిగా మెలేసి, రెండు కొసలూ కొక్కేలకో మంచం కోళ్ళకో కట్టండి. బట్ట కొసను ఆ మెలిక సందులోకి దూరిస్తే క్లిప్పు అవసరం లేదు, గాలికి జారదు. ఊళ్ళలో మన పెద్దవాళ్ళు మెలి తాడు దండేనికి ఇలాగే ఆరేసేవారు. బట్టకూ బట్టకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంచండి. సాక్సులు మడమ వైపు తాడుకు, ప్యాంటు జేబులు బయటికి లాగి, చొక్కా తిరగేసి.

గదిలో ఎండ రాకపోయినా ఫరవాలేదు, గాలి ఆడాలి. ఫ్యాన్ ఉంటే దాని ఎదురుగా, ఏసీ ఉంటే దాని గాలి తగిలే చోట ఆరేయండి. ఏసీలో డ్రై మోడ్ పెడితే గదిలో చెమ్మను లాగేస్తుంది. చలి దేశాల్లో గోడకున్న వేణ్ణీళ్ళ రేడియేటర్ మీద సాక్సులు వేయొచ్చు. కరెంటు హీటర్ మీద మాత్రం బట్ట కప్పొద్దు, అంటుకునే ప్రమాదం ఉంది. తలుపు మూసిన బాత్‌రూమ్‌లో ఆరేస్తే ఉతికిన శ్రమ వృథా.

ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. లోదుస్తులను చున్నీ కిందో టవల్ కిందో దాచి ఆరేయడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు చేశారు. అలా గాలి తగలక సగం ఆరిన బట్ట రోజూ వేసుకుంటే దురదలు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. హాస్టల్లో నలుగురి మధ్య మొహమాటంగా ఉంటే మీ మంచం లోపలి వైపు తాడు కట్టుకోండి, అంతేగానీ పైన ఏమీ కప్పకండి.

ఎంత జాగ్రత్తపడ్డా కుదరని వాతావరణం కొన్నిచోట్ల ఉంటుంది. ఉత్తర వియత్నాంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా 'నోమ్' అనే కాలం వస్తుంది. సముద్రం మీది తేమగాలి చల్లటి ఇళ్ళలోకి చేరి గచ్చు మీద, గోడల మీద నీటి బొట్లు కడుతుంది. ఆ రోజుల్లో హనోయ్‌లో నేను రాత్రి ఉతికి, పొద్దున్నే కొండల వైపు బస్సు ఎక్కాల్సి వచ్చి, ఆరని ప్యాంటును కవర్లో కుక్కి తీసుకెళ్ళాను. సాయంత్రం కవరు విప్పితే ముక్కిన వాసన. మళ్ళీ ఉతికినా పోలేదు, ఆ వాసన పక్కనున్న రెండు టీషర్టులకూ పట్టింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఒక ఊళ్ళో కనీసం రెండు రాత్రులు ఉంటేనే, అదీ దిగిన మొదటి రోజే, ప్యాంట్లు ఉతకడం. ఊరు వదిలే ముందు రాత్రి సాక్సు కూడా తడపను. తప్పక తడి బట్టతోనే బయల్దేరాల్సి వస్తే కవర్లో కట్టకండి, బ్యాగు బయటి వైపు పిన్నీసులతో గుచ్చి గాలికి వదలండి.

5. వారానికోసారి షాపుకి

ఆగ్నేయాసియాలో ఉన్నంతకాలం ప్యాంట్లు, తువ్వాళ్ళు చేత్తో ఉతకాల్సిన పని లేదు. థాయిలాండ్‌లో టూరిస్టులు ఉండే వీధుల్లో కిలోకి సుమారు 40 నుంచి 60 బాత్‌లకు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇస్తారు. ఇలాంటి షాపును వియత్నాంలో ఉత్తరాన 'జాత్ లా' అంటారు, దక్షిణాన 'లా' బదులు 'ఉయ్' చేర్చి అంటారు. 'లా' అన్నా 'ఉయ్' అన్నా ఇస్త్రీయే.

ఇచ్చే ముందు బట్టలు మంచం మీద పరిచి ఒక ఫోటో తీయండి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తూకం మీ ఎదుటే వేయించి, రసీదు మీద కిలోలు, రేటు, ఏ పూటకి ఇస్తారో రాయించుకోండి. మెరినో టీషర్టు, సాగే బట్టలు అసలు ఇవ్వకండి, డ్రయ్యర్ వేడికి పాడవుతాయి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే విప్పి లెక్క చూడాలి. మీ మూటలోకి వేరేవాళ్ళ సాక్సులు రావడం, మీవి ఇంకొకరికి వెళ్ళడం మామూలే. అప్పటికప్పుడు చెబితే వాళ్ళూ వెతికి ఇస్తారు, మర్నాడు ఇంకో ఊరి నుంచి ఫోన్ చేస్తే ఏమీ చేయలేరు. ముట్టుకుని చూసి, చెమ్మగా ఉంటే మొహమాటపడకుండా ఇంకాసేపు డ్రయ్యర్‌లో వేయమనండి.

6. నాణేల మెషీన్లు

జపాన్, యూరప్‌లలో మనిషి చేత ఉతికించుకోవడం ఖరీదు, అందుకే నాణేల మెషీన్లు. జపాన్‌లో 'కోయిన్ రాండొరీ' అని అడిగితే చూపిస్తారు. ఉతకడం 'సెంటాకు', ఆరబెట్టడం 'కన్సో'. 100 యెన్ నాణేలు వారం ముందు నుంచే దాచుకోండి. చాలా మెషీన్లు సబ్బు వాటంతటవే వేసుకుంటాయి, బోర్డు చూడకుండా మళ్ళీ మీరు వేయొద్దు. థాయిలాండ్‌లో రోడ్డు పక్కన 24 గంటలూ తెరిచి ఉండే మెషీన్లకు 10 బాత్ నాణేలు కావాలి.

యూరప్‌లో జర్మనీలో 'వాష్‌సలోన్', ఫ్రాన్స్‌లో 'లావెరీ', ఇటలీలో 'లావండెరియా' అని అడగండి. చాలాచోట్ల డబ్బులు మెషీన్‌లో కాకుండా గోడకున్న పెట్టెలో వేసి, మీ మెషీన్ నంబరు నొక్కాలి. ముందు బట్టలు వేసి తలుపు మూసి, ఆ తర్వాతే డబ్బులు వేయండి. సబ్బు డ్రాయర్‌లో మూడు గళ్ళుంటాయి. రెండు గీతలున్న గడిలో సబ్బు, పువ్వు గుర్తున్న గడిలో మెత్తదనానికి వేసే లిక్విడ్. ఒక్క గీత గడి ముందస్తు ఉతుకుది, దాని జోలికి పోవద్దు. మామూలు బట్టలకు 30 డిగ్రీలు, తువ్వాళ్ళకు 60. ఆఖరి ఉతుకు ఎన్ని గంటలకో తలుపు మీద రాసి ఉంటుంది, అది దాటాక మొదలుపెడితే బట్టలు లోపలే ఉండిపోయే ప్రమాదం ఉంది.

7. నల్లులు తగిలితే

హాస్టల్ మంచాల్లో నల్లులు పేద దేశం, ధనిక దేశం అని చూడవు. పొద్దున ఒంటి మీద వరసగా మూడు నాలుగు దద్దుర్లు కనిపిస్తే పరుపు కుట్ల వెంట నల్లటి చుక్కలున్నాయేమో చూడండి. ఉంటే వేసుకున్నవి, ఉతికినవి అని చూడకుండా బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి గట్టిగా బిగించి, నేరుగా మెషీన్ల దగ్గరికి తీసుకెళ్ళండి. చన్నీళ్ళకు నల్లి చావదు. తట్టుకునే బట్టలు 60 డిగ్రీల దగ్గర ఉతికి, తర్వాత డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద కనీసం అరగంట తిప్పాలి. తెచ్చిన కవరు అక్కడే పారేసి, వేడి బట్టలను కొత్త కవర్లోకి తీసుకోండి. ఇంటికి తిరిగొచ్చాక కూడా బ్యాగును పడగ్గదిలోకి తేవద్దు. బాల్కనీలోనే విప్పి, బట్టలన్నీ వేణ్ణీళ్ళలో నానబోసి, ఖాళీ బ్యాగు కుట్లు, జేబులు వెలుతురులో ఒకటికి రెండుసార్లు చూశాకే లోపలికి తెచ్చుకోండి.