డాబా మీద సోలార్ సబ్సిడీ: దరఖాస్తుకు ముందు కరెంటు బిల్లు మీద పేరు చూసుకోండి

పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి డాబా మీద సోలార్ పెట్టించుకుంటే కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు రూ.18,000 ఇస్తుంది. అంతకు మించి ఎన్ని కిలోవాట్లు పెట్టినా సబ్సిడీ రూ.78,000 దాటదు. దరఖాస్తుకు ఫీజు లేదు. రిజిస్ట్రేషన్ ఛార్జీ అనో, ఆఫీసులో ఫైలు కదలాలనో ఎవరైనా ముందే డబ్బులడిగితే మాట అక్కడితో ఆపెయ్యండి. వెబ్‌సైటు ఒక్కటే: పీఎంసూర్యఘర్ డాట్ గవ్ డాట్ ఇన్. ఈ పథకం పేరు పెట్టుకుని చివర గవ్ డాట్ ఇన్ లేనిది ఏదైనా సరే, అది వేరేవాళ్ల దుకాణం. అనుమానముంటే 15555కి ఫోన్ చేసి అడగండి.

నమోదు పెద్ద పని కాదు. ఫోన్ నంబరు, ఓటీపీ, రాష్ట్రం, జిల్లా, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), సర్వీసు నంబరు. ఆంధ్రాలో ఈపీడీసీఎల్, సీపీడీసీఎల్, ఎస్పీడీసీఎల్. తెలంగాణలో ఎస్పీడీసీఎల్, ఎన్పీడీసీఎల్. మీది ఏదో బిల్లు పైనే ఉంటుంది. తెలంగాణ బిల్లుల్లో ఎస్‌సీ నంబరు, యూఎస్‌సీ నంబరు అని రెండు కనిపిస్తాయి, రెండూ ఒకటి కావు. ఒకటి కొడితే వివరాలు రాకపోతే రెండోది కొట్టి చూడండి.

నంబరు కొట్టగానే డిస్కం రికార్డులో ఉన్న పేరు తెర మీదికి వస్తుంది. అక్కడ ఆగండి. ఆ పేరు ఎవరిది?

చాలా ఇళ్లల్లో అది పోయిన తండ్రిదో తాతదో, ఇల్లు అమ్మిన పాత యజమానిదో, అపార్టుమెంటు కట్టిన బిల్డర్‌దో అయి ఉంటుంది. నెలనెలా బిల్లు కడుతున్నంత కాలం ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ మార్పించుకోరు. సబ్సిడీ మాత్రం కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. పోయినవారికి ఖాతా ఉండదు, పాత యజమాని తన ఖాతా ఇవ్వడు.

ఈ చిక్కు మొదట్లోనే బయటపడితే గొడవ లేదు. కానీ 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు సోలార్‌కు సాంకేతిక పరిశీలన అవసరం లేదు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే. మంచి మార్పే. కాకపోతే మొదట్లో కాగితాలు చూసే మనిషి లేకుండా పోయాడు. అప్పు చేసి ప్యానెళ్లు బిగించి, ఇంట్లోకి వచ్చే కరెంటునూ, బయటికి వెళ్లేదాన్నీ లెక్కేసే నెట్ మీటరు కూడా వచ్చాక, బ్యాంకు వివరాల దగ్గర పేరు కలవదు. అప్పటికి ఖర్చంతా అయిపోయి ఉంటుంది.

అందుకే పేరు మార్పిడి ముందు, సోలార్ తర్వాత. కొన్న ఇల్లయితే రిజిస్టర్డ్ సేల్ డీడ్ కావాలి. వారసత్వమైతే మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా ఇచ్చిన కాగితం. వీటితోపాటు స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండ్, అంటే తర్వాత చిక్కొచ్చి నష్టమైతే మీరే భరిస్తామన్న హామీ పత్రం అడుగుతారు. పాత బకాయి ఉంటే ముందు కట్టెయ్యాలి. పాత సెక్యూరిటీ డిపాజిట్ మీ పేరుకు బదిలీ కావాలంటే దానికీ పాత యజమానిదో వారసులదో అంగీకారం ఉండాలి, లేకుంటే మీ దగ్గర కొత్తగా కట్టించుకుంటారు. అన్నదమ్ముల మధ్య ఇల్లు ఇంకా పంచుకోకపోతే ఆలస్యమంతా ఆ అభ్యంతరం లేదన్న కాగితం దగ్గరే. దానికి దళారీ చేయగలిగింది ఏమీ లేదు. పేరు మారిందని మెసేజ్ వచ్చినంత మాత్రాన సరిపోదు. కొత్త పేరుతో బిల్లు చేతికొచ్చాకే పోర్టల్ తెరవండి.

పేరు మీదే అయినా ఒకసారి అక్షరాలు పోల్చుకోవాలి. బిల్లు మీద 'కె. సత్యనారాయణ', ఆధార్‌లో 'కొత్తపల్లి సత్యనారాయణ', పాస్‌బుక్కులో 'సత్యనారాయణ రావు కొత్తపల్లి'. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటరుకు కాదు. బిల్లు మీది పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు కలిసేలా ముందే సరిచేయించుకోండి. పిల్లలు అమెరికాలో ఉండి ఊళ్లో నాన్నగారి ఇంటికి దరఖాస్తు చేసేటప్పుడు ఖాతా, ఫోన్ నంబరు కూడా నాన్నగారివే ఇవ్వండి. ఓటీపీ అడిగినప్పుడల్లా ఆ ఫోన్ ఇంట్లో ఉండాలి.

సోలార్ బిగించే వెండర్‌ను పోర్టల్‌లో ఉన్న జాబితా నుంచి మీరే ఎంచుకోవచ్చు. ఒప్పందంలో ఐదేళ్ల నిర్వహణ వెండర్‌దేనని ఉందో లేదో చదవండి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం ఎటు పడుతుందో మీకే బాగా తెలుసు.

ప్యానెళ్ల విషయంలో ఒక మెలిక ఉంది. సబ్సిడీ కావాలంటే ప్యానెలూ, అందులోని సెల్సూ రెండూ మన దేశంలో తయారైనవే కావాలి. వీటినే డీసీఆర్ ప్యానెళ్లంటారు. విదేశీ సెల్స్‌తో ఇక్కడ అతికించిన ప్యానెళ్లు చవక. కాబట్టి అతి తక్కువ కొటేషన్ ఇచ్చినవాణ్ని ముందు ఈ మాటే అడగండి: డీసీఆర్ సర్టిఫికెట్ ఇస్తారా? ప్యానెల్ వెనక స్టిక్కరు మీది సీరియల్ నంబర్లను డాబా మీదికి ఎక్కించక ముందే ఫోటో తీసి, సర్టిఫికెట్‌తో సరిచూసుకోండి. బిగించాక ప్యానెల్ వెనక వైపు చూడటం కుదరదు.

మూడు కిలోవాట్ల వరకు హామీ లేకుండా రెండు లక్షల దాకా బ్యాంకు అప్పు దొరుకుతుంది, దానికి ప్రభుత్వ అప్పుల పోర్టల్ జన్‌సమర్థ్‌లో దరఖాస్తు చేయాలి. సబ్సిడీ పోగా మిగతాది ఇవ్వండి చాలు అనే వెండర్ ఖాళీ చెక్కు అడిగితే ఇవ్వకండి. డబ్బు వచ్చేది మీ ఖాతాకి, ఆయనకు ఎప్పుడు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసుకోండి. చివరి వాయిదా, ప్లాంటు పని మొదలైందని ఇచ్చే కమిషనింగ్ సర్టిఫికెట్ వచ్చాకే ఇవ్వండి. ఆ సర్టిఫికెట్ వచ్చాక సూర్యఘర్ పోర్టల్‌లో బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు పెడితే 30 రోజుల్లో సబ్సిడీ పడాలి.

ఈ పథకం ప్రచారంలో నెలకు 300 యూనిట్లు ఉచితమంటారు, అంటే ప్రభుత్వం బిల్లు మాఫీ చేస్తుందని కాదు. మూడు కిలోవాట్ల ప్లాంటు ఎండ బాగున్న నెలలో ఆ మాత్రం, ఇంకొంచెం ఎక్కువే తీస్తుంది, అంతే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి ఇప్పటికే జీరో బిల్లు అందుకుంటున్న ఇంటికి దీనివల్ల బిల్లులో మిగిలేది లేదు. అలాంటి ఇంటికి సోలార్ అమ్మడానికి వచ్చినవాడు తన లెక్కే చూసుకుంటున్నాడు.

నెట్ మీటరు పెట్టేదాకా ప్లాంటు ఆన్ చేయకండి. వెండర్ 'ఏం కాదు, వాడుకోండి' అంటాడు. పాత డిజిటల్ మీటర్లలో కొన్ని బయటికి వెళ్లే యూనిట్లను కూడా మీరు వాడినట్టే లెక్కేస్తాయి.