నిస్సాన్ 240ఎస్ఎక్స్‌కు టర్బో ఇంజన్: కొనేముందు ఏమేం చూడాలి

1989 నుంచి 1998 వరకు నిస్సాన్ అమెరికాలో అమ్మిన 240ఎస్ఎక్స్‌ది వెనుక చక్రాలతో నడిచే, తేలికైన, తూకం చక్కగా కుదిరిన చాసిస్. జపాన్‌లో ఇదే చాసిస్‌ను సిల్వియా, 180ఎస్ఎక్స్ అనే పేర్లతో టర్బో (బయటికి పోయే పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం) ఉన్న ఇంజన్ పెట్టి అమ్మగా, అమెరికాకు మాత్రం టర్బో లేని 2.4 లీటర్ల కేఏ24 ఇంజన్ వచ్చింది. దాని శక్తి మొదట్లో 140 హార్స్‌పవర్, 1991 నుంచి 155. జపాన్ కారులోని 2 లీటర్ల ఎస్ఆర్20డీఈటీ టర్బో ఇంజన్‌ను తెచ్చి ఈ కారులో కూర్చోబెట్టడం ఈ కారణంగానే చాలా ఏళ్ళుగా సాగుతోంది. ఆ ఇంజన్‌కు తగిన మౌంట్ బ్రాకెట్లు ఉంటే చాలు, చాసిస్‌లో ఎక్కడా వెల్డింగ్ చేయకుండానే అది తన చోట సరిగ్గా కూర్చుంటుంది. ఇది తెలిసినవారు కూడా తొందరపడి తప్పు ఇంజన్ కొని నష్టపోవడం నేను చూశాను కనుక, బిగించే పని జోలికి పోకుండా కొనే పని గురించే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది చట్టం సంగతి. ఎస్ఆర్20డీఈటీని నిస్సాన్ అమెరికాలో ఎన్నడూ అమ్మలేదు కాబట్టి, అక్కడి కాలుష్య నియమాల ప్రకారం దానికి ధృవీకరణ లేదు. కాలిఫోర్నియాలో ఇంజన్ మార్చాలంటే కొత్త ఇంజన్ కారు తయారైన సంవత్సరానిదో, అంతకంటే కొత్తదో కావాలి. ఆ ఇంజన్‌తో వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ దానికి ఉండాలి. దాన్ని ప్రభుత్వ రిఫరీ పరీక్షించి ఆమోదించాలి. జపాన్ మార్కెట్ ఇంజన్ ఈ గడప దాటడం చాలా కష్టం. మిగిలిన రాష్ట్రాల్లో తనిఖీ పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి కనుక, మీ రాష్ట్రపు నియమం చదివిన తరువాతే డబ్బు బయటికి తీయండి. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉండి ఇలాంటి మార్పు గురించి ఆలోచించేవారు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చదవాలి. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. రోడ్డు మీద తిప్పని, ట్రాక్‌కు మాత్రమే వాడే కారు అయితే ఈ చిక్కులు చాలావరకు తగ్గుతాయి.

చట్టం అడ్డు లేదని తేలాక, ఏ ఎస్ఆర్20 కావాలన్నది ప్రశ్న. ఈ ఇంజన్లన్నీ 1998 సీసీవే. బోర్, స్ట్రోక్ రెండూ 86 మిల్లీమీటర్లే, బ్లాక్ అల్యూమినియం, టైమింగ్ నడిచేది బెల్టుతో కాదు, చైన్‌తో. ఎస్13, ఎస్14, ఎస్15 అనేవి సిల్వియా వరుస తరాల పేర్లు. 1991లో ఎస్13 సిల్వియా, 180ఎస్ఎక్స్‌లలో వచ్చిన రకం 205 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్‌కు సమానమైన కొలత) ఇచ్చేది. దాని ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ఎరుపు రంగులో ఉండటం వల్ల అందరూ దాన్ని రెడ్ టాప్ అంటారు. తరువాత 180ఎస్ఎక్స్‌లో వచ్చిన నల్ల కవర్ రకం లోపల దాదాపు అదే ఇంజన్. ఎస్14లో వచ్చినది 220 పీఎస్. అందులో ఇన్‌టేక్ క్యామ్‌కు (గాలి లోపలికి వచ్చే వాల్వులను తెరిచే కడ్డీకి) టైమింగ్ మార్చే వీటీసీ పరికరం, కొంచెం పెద్ద టర్బో ఉన్నాయి. 1999లో వచ్చిన ఎస్15 ఇంజన్ 250 పీఎస్. దానికి బాల్ బేరింగ్ టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, ఆరు గేర్ల గేర్‌బాక్స్ ఉన్నాయి.

అంకె పెద్దదైన కొద్దీ ఇంజన్ మంచిదవుతుందని అనుకోవద్దు. మొదటిసారి ఈ పని చేసేవారికి నేను చెప్పేది ఎస్13 ఇంజనే. దాని వైరింగ్ సులువు, విడిభాగాలు విరివిగా దొరుకుతాయి, ఎదురయ్యే ప్రతి చిక్కుకూ ఎవరో ఒకరు ఇప్పటికే పరిష్కారం కనుక్కొని ఉన్నారు. ఎస్14 ఇంజన్ కొనేవారు వీటీసీ గేర్ పాతబడితే స్టార్ట్ చేసినప్పుడు టకటక శబ్దం చేస్తుందని గుర్తుంచుకోవాలి. తరువాత ఎలాగూ టర్బో, ఇంజెక్టర్లు మార్చాలనుకునేవారు ఎస్15కు అదనంగా చెల్లించే డబ్బులో చాలా భాగం, తీసి పక్కన పెట్టబోయే భాగాలకే పోతుంది.

ఇక్కడే పెద్ద మోసానికి, కనీసం పెద్ద పొరపాటుకు, దారి ఉంది. నిస్సాన్‌వే అయిన పల్సర్ జీటీఐ-ఆర్, బ్లూబర్డ్ వంటి కార్లలోనూ ఎస్ఆర్20డీఈటీ అనే పేరున్న ఇంజనే ఉంది. కానీ ఆ కార్లలో అది అడ్డంగా కూర్చుంటుంది. దాని సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె), ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే పైపులు), మౌంట్లు, నీటి పైపులు మీ కారుకు కుదరవు. కవర్ మీది రంగు చూసో, పేరు విని నమ్మో కొనకూడదు. ఏ కారు నుంచి తీశారో అడగాలి; సంప్ ఆకారం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ స్పష్టంగా కనిపించే ఫోటోలు తెప్పించుకోవాలి; వెనుక చక్రాల కారుకు చెందిన గేర్‌బాక్స్ ఇంజన్‌కు బిగించి ఉందో లేదో చూడాలి. మూడోది అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

వేరే ఇంజన్లు లేవా అంటే ఉన్నాయి. నిస్సాన్‌దే అయిన 1809 సీసీ సీఏ18డీఈటీ ఇంజన్ బ్లాక్ ఇనుముది, గట్టిది, కానీ 175 పీఎస్‌తో మొదలవుతుంది, పైగా టైమింగ్ బెల్టు ఇంజన్. నిస్సాన్ స్కైలైన్ కారులోని ఆరు సిలిండర్ల ఆర్‌బీ25డీఈటీ ధ్వని ఎంతో బాగుంటుంది. అయితే ఇనుప బ్లాక్‌తో పొడవైన ఆ ఇంజన్ ముందు చక్రాల మీద బరువు పెంచుతుంది, దానికి వేరే మౌంట్లు కావాలి. ఉన్న కేఏ24కే టర్బో బిగించడం నాలుగో దారి. కారును పన్నెండు నెలలూ నడుపుతూ నెమ్మదిగా పని చేసుకునేవారికి అదే సరైనదని నేను భావిస్తాను.

ఇక ఇంజన్‌ను ఏ రూపంలో కొనాలి? అమ్మకందారులు మూడు రకాలుగా అమ్ముతారు: ఇంజన్ ఒక్కటే; గేర్‌బాక్స్, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్)తో కలిసిన సెట్; లేదా కారు ముందు భాగం మొత్తాన్ని కోసి పంపే ఫ్రంట్ క్లిప్. ఖర్చు తక్కువని ఇంజన్ ఒక్కటే కొన్న నా మిత్రుడొకరు ఆ తరువాత నెలల తరబడి ఈసీయూ, ఎయిర్ ఫ్లో సెన్సర్, ఇగ్నైటర్, గేర్‌బాక్స్, స్టార్టర్, పవర్ స్టీరింగ్ పంపు బ్రాకెట్ అంటూ ఒక్కొక్కటే వెతుక్కోవలసి వచ్చింది. అన్నీ కలిపి లెక్క వేస్తే, మొదట్లో వద్దనుకున్న సెట్ ధరను ఎప్పుడో దాటిపోయారు. కేఏ24 గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు బిగిసే ముందు భాగం) ఎస్ఆర్20కు నేరుగా బిగదు కాబట్టి గేర్‌బాక్స్ లేని ఇంజన్ సగం సామానే. జాగా ఉంటే ఫ్రంట్ క్లిప్ ఉత్తమం: ఇంటర్‌కూలర్, పైపులు, చిన్న క్లిప్పులు, బోల్టులు సహా అన్నీ ఉన్నచోటనే ఉంటాయి కనుక ఏది ఎక్కడ బిగించాలో చూసి నేర్చుకోవచ్చు. చాలా ఫ్రంట్ క్లిప్పులలో మీటర్ బోర్డు కూడా ఉంటుంది కాబట్టి ఇంజన్ ఎంత తిరిగిందో కొంత అంచనా దొరుకుతుంది. విడి ఇంజన్ గురించి అమ్మకందారు చెప్పే మైలేజీకి ఆధారం ఏదీ ఉండదు. ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి.

వైరింగ్ గురించి ఒక మాట. ఇంజన్‌తో వచ్చే హార్నెస్ (తీగల కట్ట) కుడివైపు స్టీరింగ్ ఉన్న కారు కోసం తయారైనది. కారు లోపలి కనెక్టర్లు అమెరికా కారు కనెక్టర్లతో నేరుగా కలవవు. రెంటినీ కలిపే పని ఎవరో ఒకరు చేయాలి. జపాన్‌లో ఇంజన్ విప్పేటప్పుడు తీగలను కత్తెరతో కోసిన సెట్లు కూడా అమ్మకానికి వస్తాయి. కోసిన హార్నెస్ కంటే కనెక్టర్లు చెక్కుచెదరని హార్నెస్‌కు ఎక్కువ ధర పెట్టడం న్యాయమే.

ఇప్పుడు అసలు పరీక్ష. ముందు ఆయిల్ మూత తీసి చూడండి. లోపల నల్లటి గడ్డ కట్టి ఉంటే ఆయిల్ సకాలంలో మార్చలేదని అర్థం. పాలు కలిపిన కాఫీ రంగు నురగ ఉంటే ఆయిల్‌లో నీరు కలిసి ఉండవచ్చు. సంప్ అడుగున చేయి పెట్టి సొట్టలు వెతకండి, ఎందుకంటే ఫోర్క్‌లిఫ్ట్ మీద మోసినప్పుడు సంప్ నొక్కుకుపోతే ఆయిల్ పీల్చే పైపుకు దారి ఇరుకై బేరింగ్‌లకు ఆయిల్ అందదు. నీటి గొట్టాల నోళ్ళలో తుప్పు పేరుకుంటే కూలెంట్‌కు బదులు మామూలు నీళ్ళు పోసి నడిపారన్నమాట. అమ్మకందారు ఒప్పుకుంటే ట్యాపెట్ కవర్ విప్పించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఈ ఇంజన్‌లో ఒక్కో రాకర్ ఆర్మ్ వై అక్షరం ఆకారంలో ఉండి రెండేసి వాల్వులను నొక్కుతుంది. ఇంజన్‌ను హద్దు మీరి తిప్పినప్పుడు ఆ రాకర్ తన చోటు నుంచి జారిపోవడం ఎస్ఆర్20కు బాగా తెలిసిన బలహీనత. క్యామ్ లోబ్‌ల మీద గీతలు, గుంటలు ఉన్నాయా, రాకర్‌లన్నీ సరిగ్గా కూర్చున్నాయా, చైన్ గైడ్‌లు అరిగాయా అన్నది పది నిమిషాల్లో కనిపిస్తుంది.

తరువాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కగలదన్న పరీక్ష. స్టార్టర్ గేర్‌బాక్స్ వైపు బిగుస్తుంది కాబట్టి ఈ పరీక్షకు గేర్‌బాక్స్ బిగించి ఉండటం మేలు. నాలుగు ప్లగ్గులూ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకొని, పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కు ఆరేడు స్ట్రోకులు తిప్పి అంకె రాసుకోవాలి. చల్లటి ఇంజన్ మీద అంకె కొంత తక్కువ వస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు. చూడవలసింది సిలిండర్ల మధ్య తేడా: అది 14 పీఎస్ఐ (పీడనం కొలత) దాటకూడదన్నది నిస్సాన్ పెట్టిన హద్దు. మూడు సిలిండర్లు 155 చూపి ఒకటి 120 చూపితే ఆ ఇంజన్‌ను నేను కొనను. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడండి: అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే లోపం వాల్వులలోనో హెడ్ గాస్కెట్‌లోనో ఉన్నట్టు. లీక్ డౌన్ పరికరం దొరికితే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. థ్రాటిల్ వైపు గాలి వస్తే ఇన్‌టేక్ వాల్వు, టర్బో వైపు వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత వద్ద వస్తే రింగులు.

టర్బోను చూడటం సులువే, కానీ తప్పుగా చదవడమూ అంతే సులువు. ఇన్‌టేక్ పైపు తీసి షాఫ్టును వేళ్ళతో పట్టుకోండి. బుష్ బేరింగ్ టర్బోలో ఆయిల్ లేనప్పుడు షాఫ్టు పక్కలకు కొద్దిగా కదలడం సహజం. అయితే కదిపినప్పుడు రెక్కలు హౌసింగ్‌కు తగిలినా, షాఫ్టు ముందుకు వెనక్కు కదిలినా ఆ టర్బో పని అయిపోయినట్టే. రెక్కల అంచులు చిట్లి ఉంటే ఎప్పుడో ఏదో వస్తువు లోపలికి వెళ్ళిందని అర్థం. వెళ్ళినది ఎక్కడ ఆగిందో కూడా ఆలోచించాలి. ఇంజన్ మిగతా అంతా బాగుంటే, చెడిన టర్బో ఒక్కటే కారణంగా దాన్ని వదులుకోవలసిన పని లేదు. దాని ధర తగ్గించమని అడిగి, మంచి టర్బో విడిగా కొనుక్కోవచ్చు. చెడిన బ్లాక్‌తో మాత్రం అలా రాజీ పడకూడదు.

దూరం నుంచి కొనేవారు ఈ పరీక్షలను తమ కళ్ళతో చూడలేరు. అలాంటప్పుడు కంప్రెషన్ గేజ్, ఇంజన్ నంబరు రెండూ ఒకే వీడియోలో కనిపించేలా తీసి పంపమని అడగండి, స్టార్టప్ వారంటీ (ఇంజన్ స్టార్ట్ అయి నడుస్తుందన్న హామీ) ఎన్ని రోజులో, అది వేటికి వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. చాలా వారంటీలు ఇంజన్ చేరిన రోజు నుంచి లెక్కకు వస్తాయి కాబట్టి, కారు సిద్ధం కాకముందే ఇంజన్ తెప్పించి షెడ్డులో నెలల తరబడి ఉంచితే ఆ కాగితానికి విలువ ఉండదు.

ఇంజన్ ధర ఎంతో, దాదాపు అంత మొత్తం పక్కన విడిగా ఉంచుకోకుండా ఈ పనికి దిగవద్దని నా సలహా. ఇంజన్ చేతికి వచ్చి కారులోకి దించేలోపు క్రాంక్ ముందు వెనుక సీళ్ళు, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్లచ్, టర్బోకు వెళ్ళే ఆయిల్, నీటి పైపుల వాషర్లు మార్చాలి. ఇంజన్ స్టాండ్ మీద ఉండగా గంటలో అయ్యే క్రాంక్ వెనుక సీలు పని, కారులో బిగించాక గేర్‌బాక్స్ మొత్తం దించవలసిన రెండు రోజుల పని అవుతుంది. కొనేటప్పుడు రాసుకున్న నాలుగు కంప్రెషన్ అంకెల కాగితాన్ని జాగ్రత్త చేయండి. వెయ్యి మైళ్ళు నడిచాక అదే గేజ్‌తో మళ్ళీ కొలిచి పక్కన రాసుకుంటే, ఇంజన్ తన స్థితి నిలుపుకుంటోందో లేదో తెలుస్తుంది. బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) పెంచాలా వద్దా అన్నది అప్పుడు నిర్ణయించుకోవచ్చు.