పిల్లల్ని పూల్‌లో దింపే ముందు నీళ్ల వేడి చూడండి

చెయ్యి పెట్టి చూసి "బాగానే ఉన్నాయి" అనుకోవద్దు. ఎండలో ఉన్న చేతికి ఏ నీళ్లయినా చల్లగానే తగులుతాయి. థర్మామీటర్‌ను మోచెయ్యి లోతున, వేడినీళ్లు వచ్చి పడే చోటికి దూరంగా, రెండు నిమిషాలు ఉంచి చూడండి. పైపైన పెడితే ఎండకు కాగిన పొర వేడే తెలుస్తుంది.

• జోరుగా ఈదే పెద్దలకు 26–28 డిగ్రీలు చాలు.

• ఈత నేర్చుకునే పిల్లలకు 29–31 ఉండాలి, పసివాళ్లకు 32. పిల్లలకు బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే ఒంట్లో వేడి త్వరగా పోతుంది. 27 డిగ్రీల్లో నాన్నకు హాయిగా ఉన్నప్పుడే బిడ్డ పెదాలు నీలంగా మారొచ్చు. వణుకు మొదలైతే "ఇంకొక్క రౌండ్" అననివ్వకండి. వెంటనే బయటికి తీసి, తల తుడిచి, పొడి తువ్వాలు చుట్టండి.

• మే నెలలో హైదరాబాద్, విజయవాడల్లో నీడలేని పూల్ 32 దాటొచ్చు. అందులో గట్టిగా ఈదితే ఒళ్లు చల్లబడక తల తిరుగుతుంది. పొద్దున్నే ఈదండి, మధ్యమధ్య మంచినీళ్లు తాగండి.

• వేడినీళ్లలో క్లోరిన్ తొందరగా తగ్గిపోతుంది. ఫ్రీ క్లోరిన్ (క్రిముల్ని చంపడానికి నీళ్లలో ఇంకా మిగిలున్న క్లోరిన్) 1–3 పీపీఎం (పది లక్షల్లో వంతులు), పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2–7.8 ఉన్నాయని టెస్ట్ కిట్‌తో చూశాకే దించండి.